న్యుమోనియా అనుమానితులకు ఛాతీ చిత్రణ పరీక్ష ఎంపిక

న్యుమోనియా అనగా ఊపిరితిత్తులలోని గాలిగదులు సూక్ష్మజీవుల వలన వాచి, వాటిలో గాలి ఉండవలసిన చోట చీము, నీరు చేరే వ్యాధి. తెలుగునాట దీనిని వాడుకలో ‘నిమ్ము’ అంటారు. దగ్గు, జ్వరం, ఆయాసంతో వచ్చిన రోగికి ఈ వ్యాధి ఉన్నదో లేదో తేల్చడానికి ఛాతీ లోపలి భాగాన్ని బొమ్మగా చూపే పరీక్షలు ముఖ్యంగా మూడు ఉన్నాయి. అవి ఎక్స్-రే, అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్. ఏ రోగికి ఏ పరీక్ష అవసరం, ఎప్పుడు అవసరం, అసలు ఏ పరీక్షా అక్కరలేనిది ఎవరికి అని నిర్ణయించడమే చిత్రణ పరీక్ష ఎంపిక. పల్నాడు జిల్లాలోని సత్తెనపల్లి వంటి పట్టణాలలోను, వాటి చుట్టుపక్కల పల్లెలలోను ఈ నిర్ణయంలో వైద్యశాస్త్రంతో పాటు ప్రయాణం, ఖర్చు, కాలయాపన కూడా ఇమిడి ఉంటాయి. ఖరీదైన పరీక్షే మంచి పరీక్ష అన్న నమ్మకం ప్రజలలో బలంగా ఉంది గాని, న్యుమోనియా విషయంలో అది చాలా సందర్భాలలో నిజం కాదు.

బొమ్మకు ముందు చేయవలసిన పరీక్ష

న్యుమోనియా ఉన్నదన్న అనుమానం బొమ్మతో మొదలు కాదు, రోగిని చూడడంతో మొదలవుతుంది. చలితో కూడిన జ్వరం, దగ్గు, పసుపు లేదా తుప్పు రంగు తెమడ, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు, ఆయాసం దీని ముఖ్య లక్షణాలు. వృద్ధులలో జ్వరం లేకుండా కేవలం మతి తప్పి మాట్లాడడం, తిండి మానివేయడం మాత్రమే కనిపించవచ్చు. వైద్యుడు నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కిస్తాడు, రక్తపోటు చూస్తాడు, స్టెతస్కోపుతో వీపు మీద విని ఊపిరితిత్తులలో చిటపట శబ్దాలు ఉన్నాయేమో గమనిస్తాడు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని చూపుతుంది. అది 94 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 90 కంటే తగ్గితే వ్యాధి తీవ్రమైనదని అర్థం.

వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి బ్రిటన్ వైద్యులు రూపొందించిన ఒక సులభమైన కొలమానం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మతిభ్రమ, రక్తంలో యూరియా పెరగడం, నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ శ్వాసలు, రక్తపోటు పడిపోవడం, 65 ఏళ్ళు లేదా అంతకు మించిన వయస్సు అనే ఐదు అంశాలకు ఒక్కొక్క మార్కు వేస్తారు. మార్కులు పెరిగిన కొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది. ఈ ఐదింటిలో ఒక్కదానికి కూడా ఎక్స్-రే గాని, స్కాన్ గాని అవసరం లేదు. రోగిని ఇంటికి పంపాలా, ఆసుపత్రిలో చేర్చాలా అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు మంచం పక్కనే దొరుకుతుంది.

చరిత్ర

ఫ్రాన్సు దేశపు వైద్యుడు రెనే లేనెక్ 1816లో స్టెతస్కోపును కనుగొన్నాడు. ఆ తరువాత దాదాపు 80 సంవత్సరాల పాటు న్యుమోనియాను చెవితో విని, వేళ్ళతో తట్టి మాత్రమే గుర్తించేవారు. జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1895 నవంబరు 8న ఎక్స్-కిరణాలను కనుగొనడంతో బ్రతికి ఉన్న మనిషి ఊపిరితిత్తులను చూడడం సాధ్యమయింది. ఇందుకు ఆయనకు 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించింది. లండన్‌లో 1971లో తొలిసారిగా ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు. దాని రూపకర్త గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, గణిత పునాది వేసిన అలన్ కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎక్స్-కిరణాలు వెలుగు చూసిన 1895లోనే భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు న్యుమోనియా చికిత్స చరిత్రలో స్థానం ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన కాలంలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ వర్గానికి చెందిన తొలి మందు అదే. 1948లో ఆ మందు లోకానికి వెల్లడయింది. అదే సంవత్సరం సుబ్బారావు మరణించాడు. ఆ వర్గానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను నేటికీ న్యుమోనియా చికిత్సలో వాడుతున్నారు.

ఎక్స్-రే

న్యుమోనియా అనుమానం ఉన్న పెద్దవారికి మొదటి చిత్రణ పరీక్ష ఎక్స్-రే. ఎక్స్-కిరణాలు గాలి గుండా సులభంగా దూసుకుపోతాయి, ఎముకలలోను నీటిలోను కొంత ఆగిపోతాయి. అందువలన గాలితో నిండిన ఊపిరితిత్తి బొమ్మలో నల్లగా, ఎముకలు తెల్లగా పడతాయి. గాలిగదులలో చీము చేరిన భాగం నల్లని నేపథ్యంలో తెల్లని మచ్చగా కనిపిస్తుంది.

మంచి బొమ్మ రావాలంటే రోగి నిలబడి, ఛాతీని పలకకు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చి పట్టి ఉంచాలి. కిరణాలు సుమారు 180 సెంటీమీటర్ల దూరం నుండి వీపు వైపుగా రావాలి. లేవలేని రోగికి మంచం మీదనే ముందు వైపు నుండి తీసినప్పుడు గుండె అసలు పరిమాణం కంటే పెద్దదిగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా తెలియదు. గుండె వెనుక, విభాజకం వెనుక దాగిన మచ్చ ముందు నుండి తీసిన బొమ్మలో తప్పిపోవచ్చు. అప్పుడు పక్కనుండి మరొక బొమ్మ తీస్తే బయటపడుతుంది.

ఎక్స్-రేకు పరిమితులున్నాయి. వ్యాధి మొదలైన మొదటి రోజున బొమ్మ శుభ్రంగా ఉండవచ్చు. తెల్లని మచ్చ ఉన్నంత మాత్రాన అది న్యుమోనియాయే అని చెప్పలేము. క్షయ, గుండె వైఫల్యం వలన చేరిన నీరు, క్యాన్సర్, ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుపోవడం కూడా అలాగే కనిపించవచ్చు. వ్యాధికి కారణం బాక్టీరియానా, వైరసా అన్నది కేవలం బొమ్మను చూసి నమ్మకంగా తేల్చలేరు.

ఫ్రాన్సులో 319 మంది రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2015లో ప్రచురితమయింది. ఎక్స్-రేలో మచ్చ కనిపించని వారిలో మూడవ వంతు మందికి సీటీలో మచ్చ కనిపించింది. ఎక్స్-రేలో మచ్చ ఉన్నదనుకున్న వారిలో సుమారు 30 శాతం మందికి సీటీ తరువాత న్యుమోనియా కాదని తేలింది. అంటే ఎక్స్-రే రెండు వైపులా పొరపడగలదు. అయినప్పటికీ అది చౌక, త్వరితం, చిన్న పట్టణాలలో కూడా దొరుకుతుంది, కిరణాల మోతాదు అతి స్వల్పం. రోగి లక్షణాలతో కలిపి చదివినప్పుడు చాలామందికి చికిత్స మొదలుపెట్టడానికి అది చాలు.

అల్ట్రాసౌండ్

మనిషి చెవికి వినబడని ధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనులతో బొమ్మను తయారుచేసే పరీక్ష ఇది. గాలి ఈ తరంగాలను అడ్డుకుంటుంది కనుక ఊపిరితిత్తుల పరీక్షకు ఇది పనికిరాదని చాలాకాలం భావించారు. ఫ్రాన్సు వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టీన్ అత్యవసర చికిత్సా విభాగాలలో దీని ఉపయోగాన్ని నిరూపించి, 2008లో ఒక క్రమపద్ధతిని ప్రచురించాడు. చీముతో గట్టిపడిన ఊపిరితిత్తి భాగంలో గాలి ఉండదు కనుక అది ఈ బొమ్మలో కాలేయం వలె కనిపిస్తుంది. పొరల మధ్య చేరిన నీటిని కనిపెట్టడంలోను, సూది ఎక్కడ గుచ్చి తీయాలో చూపడంలోను అల్ట్రాసౌండ్ ఎక్స్-రే కంటే మేలైనది. ఇందులో రేడియేషన్ లేదు. కనుక పిల్లలకు, గర్భిణులకు, కదలలేని రోగులకు అనువైనది. అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2025లో వెలువరించిన మార్గదర్శకాలు, నైపుణ్యం ఉన్న చోట్ల ఎక్స్-రేకు బదులుగా దీనిని వాడవచ్చునని సూచించాయి.

దీని లోపాలు కూడా గమనించాలి. మచ్చ ఊపిరితిత్తి పైపొరను తాకి ఉంటేనే కనిపిస్తుంది, లోతుగా ఉంటే కనిపించదు. ఫలితం పరీక్ష చేసే వ్యక్తి నేర్పు మీద ఆధారపడుతుంది. భారతదేశంలో మరొక విషయం కూడా ఉంది. గర్భస్థ పిండ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రాలున్న కేంద్రాలు తప్పనిసరిగా నమోదు కావాలి. ఆడపిల్లల రక్షణకు అవసరమైన ఈ నిబంధనల కారణంగా చిన్న యంత్రాన్ని సంచిలో పెట్టుకొని ఊరూరా తిరిగి వాడడం ఇక్కడ కుదరదు.

సీటీ స్కాన్

సీటీ యంత్రం ఛాతీ చుట్టూ తిరుగుతూ అనేక కోణాల నుండి ఎక్స్-కిరణాలను పంపి, కంప్యూటరు సాయంతో ఛాతీని పలుచని పొరలుగా కోసినట్లు చూపుతుంది. న్యుమోనియాను చూపడంలో మూడు పరీక్షలలోను ఇదే అత్యంత సూక్ష్మమైనది. అయితే ఎక్కువ కనిపించడం, రోగికి ఎక్కువ మేలు జరగడం ఒకటి కాదు. నెదర్లాండ్స్‌లో అత్యవసర విభాగాలకు ఊపిరితిత్తుల వ్యాధి అనుమానంతో వచ్చిన 2,418 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఎక్స్-రే, మరొక వర్గానికి అతి తక్కువ మోతాదు సీటీ తీశారు. 28 రోజుల తరువాత రెండు వర్గాల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

సీటీ స్కాన్ తప్పనిసరిగా ఉపయోగపడే సందర్భాలు ఇవి:
* తగిన చికిత్స ఇచ్చినా న్యుమోనియా తగ్గనప్పుడు
* చీముగడ్డ, పొరల మధ్య చీము వంటి ఉపద్రవాలను అనుమానించినప్పుడు
* ఒకే చోట మళ్ళీ మళ్ళీ న్యుమోనియా వచ్చినప్పుడు, లేదా మచ్చ వెనుక క్యాన్సర్ ఉన్నదన్న అనుమానం కలిగినప్పుడు
* క్యాన్సర్ చికిత్స, అవయవ మార్పిడి, హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఎక్స్-రే శుభ్రంగా ఉన్నా జ్వరం, ఆయాసం కొనసాగినప్పుడు
* ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినదన్న అనుమానం ఉన్నప్పుడు. దీనికి నరంలోకి రంగుమందు ఎక్కించి తీసే ప్రత్యేక స్కాన్ అవసరం

మార్గదర్శకాలు

భారత ఛాతీ వైద్యుల సంఘం, జాతీయ ఛాతీ వైద్యుల కళాశాల కలిసి 2012లో మన దేశ పరిస్థితులకు తగిన మార్గదర్శకాలను ప్రచురించాయి. వీలున్న చోట న్యుమోనియా అనుమానితులందరికీ ఎక్స్-రే తీయాలి. వీలు లేని చోట లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెట్టవచ్చు. సీటీ స్కాన్‌ను మామూలుగా అందరికీ తీయరాదు. తగ్గని న్యుమోనియాకు, ఉపద్రవాలకు మాత్రమే దానిని వాడాలి. వీటి సారాంశం ఇదే.

పిల్లల విషయంలో నియమం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఆరోగ్య కార్యకర్త గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలను లెక్కిస్తారు. రెండు నెలల లోపు శిశువుకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించితే వేగపు శ్వాసగా గుర్తిస్తారు. పీల్చినప్పుడు ఛాతీ అడుగు భాగం లోపలికి లాగడాన్ని పల్లెలలో ‘డొక్కలు ఎగరేయడం’ అంటారు. ఇది మరింత ప్రమాద సూచన. ఇంటి వద్ద చికిత్స పొందగలిగే స్థితిలో ఉన్న పిల్లలకు న్యుమోనియాను ధ్రువపరచుకోవడానికి ఎక్స్-రే అక్కరలేదని అమెరికా నిపుణుల సంఘాలు 2011లో పేర్కొన్నాయి. ఆక్సిజన్ తగ్గిన పిల్లలకు, ఆసుపత్రిలో చేర్చినవారికి, మందులకు లొంగనివారికి ఎక్స్-రే తీస్తారు. పసిపిల్లల ఛాతీలో సహజంగా ఉండే థైమస్ గ్రంథి నీడను న్యుమోనియాగా పొరబడే అవకాశం ఉంది.

గర్భిణికి అవసరమైనప్పుడు ఛాతీ ఎక్స్-రే తీయడానికి సందేహించరాదు. కిరణాలు ఛాతీ మీద పడతాయి గనుక పిండానికి చేరే మోతాదు అత్యల్పం. గుర్తించని న్యుమోనియా తల్లికీ, బిడ్డకూ అంతకంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం.

రేడియేషన్ మోతాదు

రేడియేషన్ ప్రభావాన్ని మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల, ఆకాశం, ఆహారం వంటి సహజ మూలాల నుండి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. ఒక ఛాతీ ఎక్స్-రేకు సుమారు 0.02 మిల్లీసీవర్టు పడుతుంది. ఇది మూడు రోజుల సహజ మోతాదుతో సమానం. సాధారణ మోతాదు ఛాతీ సీటీకి సుమారు 5 నుండి 7 వరకు పడుతుంది. ఇది రెండు, మూడు సంవత్సరాల సహజ మోతాదుతో సమానం. ఒక్క స్కాన్ వలన ఒక వ్యక్తికి కలిగే హాని స్వల్పమే. అవసరం ఉన్నప్పుడు భయపడి మానరాదు, అవసరం లేనప్పుడు తీయించుకోరాదు. దేశంలో ఎక్స్-రే, సీటీ యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది.

కోవిడ్ కాలపు అనుభవం

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాపించినప్పుడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ‘స్కాన్’ అన్న మాట ఇంటింటా వినిపించింది. ఆర్‌టీపీసీఆర్ ఫలితం రావడానికి రోజులు పడుతున్న సమయంలో ప్రజలు నేరుగా స్కానింగ్ కేంద్రాల ముందు వరుసలు కట్టారు. ఐదు లంబికలకు ఒక్కొక్కదానికి ఐదు చొప్పున మొత్తం 25కు వేసే తీవ్రత మార్కును పరీక్ష మార్కులాగా చెప్పుకొనేవారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ స్కాన్‌కు గరిష్ఠ ధరను నిర్ణయించవలసి వచ్చింది.

2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకుడు రణదీప్ గులేరియా, తేలికపాటి కోవిడ్‌కు స్కాన్ అనవసరమని, ఒక స్కాన్ 300 నుండి 400 ఎక్స్-రేలకు సమానమని అన్నారు. భారత రేడియాలజీ వైద్యుల సంఘం దీనిని ఖండించి, నేటి యంత్రాలతో తక్కువ మోతాదులో తీసే స్కాన్ 5 నుండి 10 ఎక్స్-రేలకు మాత్రమే సమానమని ప్రకటించింది. ఈ రెండు అంకెల మధ్య తేడాకు ముఖ్య కారణం పోల్చిన స్కాన్ ఏది అన్నదే. సాధారణ మోతాదు స్కాన్‌ను లెక్కిస్తే మొదటి అంకె, అతి తక్కువ మోతాదు స్కాన్‌ను లెక్కిస్తే రెండవ అంకె వస్తాయి. అయితే తేలికపాటి వ్యాధికి స్కాన్ వలన చికిత్స మారదన్న అసలు విషయం మోతాదు వివాదంతో సంబంధం లేకుండా నిలుస్తుంది. స్కాన్ కోసం వరుసలో గంటల తరబడి కూర్చోవడం కంటే ఆక్సీమీటరుతో పూటకొకసారి చూసుకోవడం ఎందరికో ఎక్కువ ఉపయోగపడేది.

సత్తెనపల్లి ప్రాంతంలో

సత్తెనపల్లి 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండి, తరువాత కొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. చుట్టూ పత్తి, మిరప పండించే మెట్ట, మాగాణి పల్లెలు ఉన్నాయి. పెద్ద వైద్యానికి ఈ ప్రాంత ప్రజలు 1946లో స్థాపించిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళతారు. మంగళగిరిలోని ఎయిమ్స్ కూడా ఇప్పుడు అందుబాటులో ఉంది.

ఇక్కడి వృత్తులు న్యుమోనియా నిర్ధారణను కొంత చిక్కుపరుస్తాయి. శీతాకాలం చివర నుండి వేసవి వరకు మిరప కోతలు, కల్లాలలో ఆరబోత, తొడిమలు తీయడం సాగుతాయి. ఆ ఘాటుకు వచ్చే దగ్గులో సాధారణంగా జ్వరం ఉండదు, ఎక్స్-రే శుభ్రంగా ఉంటుంది. పత్తి జిన్నింగ్ మిల్లులలో దుమ్ము పీల్చేవారికి వారాంతపు సెలవు తరువాత పనిలో చేరిన మొదటి రోజున ఛాతీ బిగపట్టినట్లు అవుతుంది. దీనిని గుర్తించడానికి బొమ్మ కంటే ఊపిరి ఊది చూసే పరీక్ష మేలు. పురుగుమందు శరీరంలోకి పోయినవారికి ఊపిరితిత్తులలో స్రావాలు నిండి ఆయాసం వస్తుంది. స్పృహ లేని స్థితిలో వాంతి శ్వాసనాళంలోకి పోతే తరువాత న్యుమోనియా కూడా వస్తుంది. రాతి దుమ్ము దీర్ఘకాలం పీల్చినవారికి సిలికోసిస్, దానితో పాటు క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. అందువలన రోగి ఏ పని చేస్తాడో అడగకుండా బొమ్మను చదవడం తప్పుదారి పట్టించవచ్చు.

ఎంపిక ఎలా జరగాలో ఈ క్రింది ఊహాత్మక ఉదాహరణలు తెలుపుతాయి.

* 30 ఏళ్ళ కూలీకి మూడు రోజులుగా జ్వరం, దగ్గు. శ్వాసలు నిమిషానికి 20, ఆక్సిజన్ 98. కుడి వీపున చిటపట శబ్దాలు. ఆ రోజే ఊరిలో ఎక్స్-రే దొరికితే తీయించాలి. దొరకకపోతే మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజులలో మళ్ళీ చూడాలి. సీటీ అక్కరలేదు.
* 68 ఏళ్ళ మధుమేహం ఉన్న రైతు మతి తప్పి మాట్లాడుతున్నాడు. శ్వాసలు 32, ఆక్సిజన్ 88. ఇతనిని ముందుగా స్కానింగ్ కేంద్రానికి తీసుకుపోవడం పొరపాటు. దగ్గరలోని ఆసుపత్రిలో ఆక్సిజన్, మొదటి మోతాదు యాంటీబయాటిక్ ఇచ్చి, అవసరమైతే 108 వాహనంలో గుంటూరు పంపాలి. ఎక్స్-రే మంచం దగ్గరే తీయవచ్చు.
* మూడేళ్ళ పాపకు దగ్గు, శ్వాసలు 46. డొక్కలు ఎగరడం లేదు, పాలు తాగుతోంది. ఎక్స్-రే లేకుండానే నోటి మందుతో చికిత్స చేసి, ప్రమాద సూచనలు తల్లికి చెప్పి, మళ్ళీ చూపించమనాలి.
* 55 ఏళ్ళ బీడీలు కాల్చే వ్యక్తికి రెండు వారాలు మందులు వాడినా దగ్గు తగ్గలేదు, బరువు తగ్గాడు. క్షయ కోసం తెమడ పరీక్ష, మరొకసారి ఎక్స్-రే చేయించాలి. కారణం తేలకపోతే సీటీ తీయించాలి. గుంటూరు ప్రయాణం ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే సందర్భం ఇదే.

రెండు వారాలకు మించిన దగ్గును క్షయగా అనుమానించి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా తెమడ పరీక్ష చేయించుకోవాలి. 15 ఏళ్ళు, అంతకు పైబడినవారి ఎక్స్-రేలలో క్షయను గుర్తించడానికి కంప్యూటరు కార్యక్రమాలను వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. 2024 డిసెంబరు 7న ప్రారంభమైన దేశవ్యాప్త వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేతితో మోసుకుపోగల ఎక్స్-రే యంత్రాలను పల్లెలకు తీసుకువెళ్ళారు.

మళ్ళీ బొమ్మ తీయడం

జ్వరం, ఆయాసం తగ్గినా ఎక్స్-రేలోని మచ్చ వెంటనే పోదు. చాలామందిలో ఆరు వారాలు, వృద్ధులలో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. రోగి కోలుకుంటున్నప్పుడు ‘మచ్చ ఇంకా ఉంది’ అని మందులు పొడిగించడం, మళ్ళీ మళ్ళీ బొమ్మలు తీయించడం సరికాదు. ఐదు నుండి ఏడు రోజులలో లక్షణాలు తగ్గిన పెద్దవారికి మామూలుగా మరొక బొమ్మ అక్కరలేదని అమెరికా నిపుణుల సంఘాలు 2019లో సూచించాయి. పొగతాగేవారికి, 50 ఏళ్ళు దాటినవారికి మచ్చ వెనుక క్యాన్సర్ దాగి ఉండవచ్చు గనుక సుమారు ఆరు వారాల తరువాత ఒకసారి చూడడం మంచిదని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకం. రెండు మూడు రోజుల చికిత్స తరువాత పరిస్థితి విషమిస్తే మాత్రం ఈ గడువుల కోసం ఆగకుండా వెంటనే మళ్ళీ ఎక్స్-రే తీయాలి.

పాత ఫిల్ములను రోగి భద్రపరచుకోవాలి. కొత్త మచ్చ నిజంగా కొత్తదా, ఎప్పుడో నయమైన క్షయ మిగిల్చిన మచ్చా అన్నది పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఎన్నో సందర్భాలలో అనవసరమైన సీటీ స్కాన్‌ను తప్పించేది ఆ పాత ఫిల్మే.

ఇవి కూడా చూడండి

* ఊపిరితిత్తులు
* క్షయ
* ఎక్స్-కిరణాలు
* యల్లాప్రగడ సుబ్బారావు
* సత్తెనపల్లి